కొద్ది గంటల విరామమూ, బెంగళూరు యుద్ధభూమీ

విహారనౌక ఒక రేవులో ఉదయం లంగరు వేసి సాయంత్రం లంగరు ఎత్తేలోపు ప్రయాణికులకు దొరికే వ్యవధిని రేవు విరామం అంటారు. అది సాధారణంగా ఎనిమిది, పది గంటలకు మించదు, ఓడ కదలడానికి ముందే తిరిగి ఎక్కవలసిన గడువును అందులోంచి తీసేస్తే చేతికి మిగిలేది ఇంకా తక్కువే. ఒక రైలు దిగి మరో రైలు ఎక్కేవరకు ఏదో స్టేషన్లో కాలక్షేపం చేయవలసి వచ్చే ప్రయాణికుడి పరిస్థితి కూడా ఇంతే, కాకపోతే అతనికోసం ఎదురుచూసే ఓడ కూడా లేదు. ఈ రెండు రకాల విరామాల విషయంలోనూ చదువుకున్నవారిలో ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది: చారిత్రక యుద్ధభూమి తీరుబడిగా చూడవలసిన చోటు, దానికి కనీసం ఒక పూర్తి రోజు కావాలి, అంత వ్యవధి లేనివారు ఆ ఊసు మానుకొని బజారుకో, సముద్రతీరానికో పోయి రావడం మేలు అనేది ఆ అభిప్రాయం. పైకి ఇది చరిత్ర పట్ల గౌరవంలాగే వినిపిస్తుంది. కొంచెం లోతుగా విచారిస్తే ఇది యుద్ధం ఎలా జరుగుతుందో తెలియనితనం నుంచి పుట్టిన మాట అనీ, దీనివల్ల మిగిలివున్న యుద్ధస్థలాలకు మేలు కన్నా కీడే ఎక్కువ జరిగిందనీ తేలుతుంది.

బెంగళూరు తూర్పు అంచున ఉన్న కె.ఆర్.పురం, అంటే కృష్ణరాజపురం, ఈ వాదాన్ని పరీక్షకు పెట్టడానికి తగిన చోటు. చెన్నై, కాట్పాడి, కుప్పం, బంగారుపేట మీదుగా నగరంలోకి వచ్చే రైళ్లలో చాలా ఇక్కడ ఆగుతాయి. తెలుగు జిల్లాల నుంచి వచ్చేవారిలో ఎందరో పొద్దున్నే ఇక్కడే దిగి, మైసూరు వైపో మంగళూరు వైపో పోయే తరువాతి బండి కోసం సాయంత్రం దాకా ఆగుతారు. అలా ఆగినవారికి దొరికే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే. యుద్ధభూమి చూడాలంటే శ్రీరంగపట్నం పోవాలి, అంత సమయం లేదు కాబట్టి మాల్‌లో కాసేపు తిరగండి అని. టిప్పు సుల్తాన్ 1799 మే 4న మరణించిన చోటు శ్రీరంగపట్నమే కాబట్టి ఆ పేరు మొదట నోటికి రావడంలో తప్పు లేదు. అయితే కె.ఆర్.పురం నుంచి శ్రీరంగపట్నం సుమారు నూట నలభై కిలోమీటర్ల దూరం. 2023లో తెరిచిన కొత్త రహదారి మీద కూడా, నగరాన్ని తూర్పు నుంచి పడమరకు దాటవలసిన సమయం కలుపుకుంటే, పోవడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు కావాలి. ఆరు గంటల విరామం ఉన్న మనిషికి అక్కడ నిలబడడానికి ఒక్క నిమిషం కూడా మిగలదు. ఈ లెక్క సరైనదే, కానీ దాని నుంచి తీసిన తీర్మానం సరైనది కాదు. శ్రీరంగపట్నం కుదరదని తేలినంత మాత్రాన యుద్ధభూమే కుదరదని తేలినట్టు కాదు, ఎందుకంటే టిప్పుతో అంతకుముందు జరిగిన మరో యుద్ధంలోని పెద్ద ఘట్టం నడిచిన నేల కె.ఆర్.పురం నుంచి మెట్రో రైలులో గంట లోపు దూరంలోనే ఉంది. అంతేకాదు, ఆ ఘట్టానికి సైన్యం నడిచివచ్చిన దారి కె.ఆర్.పురం వైపు నుంచే పోతుంది.

ఆ ఘట్టం 1791 మార్చి నాటి బెంగళూరు ముట్టడి. మూడవ మైసూరు యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ తానే సేనాధిపత్యం వహించి మద్రాసు వైపు నుంచి బయలుదేరాడు. టిప్పు తన బలగాన్ని దక్షిణపు కనుమల దగ్గర ఉంచి ఎదురుచూస్తుండగా, కారన్‌వాలిస్ అటే వస్తున్నట్టు కనిపించి, హఠాత్తుగా ఉత్తరానికి తిరిగి, చిత్తూరుకూ పలమనేరుకూ మధ్యనున్న మొగిలి కనుమ గుండా ఫిబ్రవరిలో పీఠభూమి మీదికి ఎక్కేశాడు. నేటికీ చిత్తూరు నుంచి బెంగళూరు పోయే బస్సులు ఎక్కే మొగిలి ఘాటు అదే. అక్కడి నుంచి కోలారు, ఆపైన హొసకోటె లొంగిపోయాయి. మార్చి 5 నాటికి సైన్యం బెంగళూరు ముందు నిలిచింది. హొసకోటె నుంచి బెంగళూరుకు వచ్చే పాత మద్రాసు రోడ్డు మీద, ఈ రెండింటికీ నడుమ, నేటి కె.ఆర్.పురం ఉంది. రైలు దిగి స్టేషన్ పక్కన తీగల వంతెన కింద నిలబడిన ప్రయాణికుడు, తాను ఏ చారిత్రక స్థలానికీ దగ్గరలో లేనని అనుకుంటాడు. నిజానికి కంపెనీ ఫిరంగులూ, వాటిని లాగే ఎడ్లూ, బంజారాల ధాన్యపు బిడారులూ బెంగళూరును సమీపించిన తూర్పు దిక్కునే అతడు నిలబడి ఉన్నాడు.

యుద్ధభూమి పట్ల ప్రబలంగా ఉన్న అభిప్రాయం ఒక ఊహ మీద ఆధారపడింది. యుద్ధభూమి అంటే కనుచూపు మేర పరచుకున్న మైదానం, దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే గాని అర్థం కాదు అనేది ఆ ఊహ. ఐరోపాలోని కొన్ని పెద్ద యుద్ధరంగాల విషయంలో ఇది నిజం కావచ్చు. దక్కనులోనూ మైసూరు సీమలోనూ పద్దెనిమిదో శతాబ్దంలో యుద్ధాల ఫలితం ఎక్కువగా తేలింది కోటల దగ్గర. ముట్టడి అంటే కోటను చుట్టుముట్టి, ఫిరంగులతో గోడలో ఒకచోట గండి కొట్టి, ఆ గండి గుండా సైనికులను లోపలికి దూకించడం. ఇలాంటి యుద్ధంలో నిర్ణయాత్మకమైన ఘటన జరిగే స్థలం ఒక ద్వారం, ఒక కందకం, కొన్ని గజాల గోడ. జరిగే కాలం కొన్ని గంటలు. పరిమాణంలో అంత చిన్న స్థలాన్ని చూడడానికి రోజంతా కావాలనడం ఆ యుద్ధపద్ధతిని గమనించకపోవడమే.

1791లో బెంగళూరు రెండు భాగాలుగా ఉండేది. ఉత్తరాన పేట, అంటే వర్తకులూ నేతగాళ్లూ నివసించే వ్యాపార పట్టణం; దాని చుట్టూ మట్టిగోడ, కందకం, వాటి వెలుపల దట్టమైన ముళ్లకంప. దక్షిణాన కోట, కెంపేగౌడ 1537లో కట్టించిన మట్టికోట స్థానంలో హైదర్ అలీ కాలంలో 1761 ప్రాంతంలో లేచిన రాతికోట. మార్చి 7 ఉదయం కంపెనీ సేనలు పేటకు తూర్పున ఉన్న హలసూరు ద్వారం మీద దాడి చేశాయి. తలుపుల వెనుక రాళ్లూ మట్టీ పోసి మూసివేయడంతో ఫిరంగి దెబ్బలకు అవి ఒక పట్టాన తెరుచుకోలేదు. ఆ ద్వారం ముందే మద్రాసు ఫిరంగిదళానికి చెందిన కర్నల్ మూర్‌హౌస్ గుండ్లు తగిలి చనిపోయాడు. చివరికి తలుపులో పడిన చిన్న సందులోంచి ఐర్ అనే పొట్టి లెఫ్టినెంటును లోపలికి తోసి, అతని వెంట ఒక్కొక్కరుగా సైనికులు దూరి, పేటను పట్టుకున్నారు. అదే రోజు పేటను తిరిగి గెలుచుకోవడానికి టిప్పు పంపిన పెద్ద బలగం వీధుల్లో పోరాడి, తీవ్రంగా నష్టపోయి వెనుదిరిగింది. మూర్‌హౌస్ మరణాన్ని, సైన్యం వెంట వచ్చిన చిత్రకారుడు రాబర్ట్ హోమ్ తరువాత పెద్ద చిత్రంగా వేశాడు.

పేట చేతికి రావడంతో కోట పని ముగియలేదు. ఈ ముట్టడిలో ఒక విశేషం ఉంది, అది గ్రహిస్తే గాని మిగతాది అర్థం కాదు. కారన్‌వాలిస్ కోటను పూర్తిగా చుట్టుముట్టలేకపోయాడు. టిప్పు సైన్యం బయట తిరుగుతూనే ఉంది. కోటలోకి కొత్త బలగాలు వస్తూనే ఉన్నాయి. కంపెనీ శిబిరంలో ఎడ్లకు మేత కరువై రోజురోజుకూ పశువులు చనిపోతున్నాయి. ముట్టడించినవాడే ముట్టడిలో చిక్కిన పరిస్థితి అది. అందుకే గోడలో గండి పూర్తిగా అనువుగా తయారవకముందే, మార్చి 21 రాత్రి సుమారు పదకొండు గంటలకు, వెన్నెలలో దాడికి ఆజ్ఞ వెలువడింది. కోట రక్షకుడు, అంటే కిల్లేదారు, బహాదుర్ ఖాన్ అనే వృద్ధ సేనాని. ఆయన గండి దగ్గరే పోరాడుతూ ప్రాణాలు విడిచాడు. ఆ రాత్రి కోటలో వెయ్యిమందికి పైగా చనిపోయారని నాటి ఇంగ్లిషు వృత్తాంతాలు చెబుతున్నాయి. ఇంతటి ఘటన నడిచింది కొద్ది గంటలే, కొద్ది గజాల గోడ మీదనే.

ఇప్పుడు ఆ స్థలాన్ని దగ్గరగా చూడవచ్చు. కె.ఆర్.పురం మెట్రో స్టేషన్‌ను వైట్‌ఫీల్డుతో కలుపుతూ 2023 మార్చిలో ఊదారంగు మార్గంలో ఒక భాగం తెరిచారు. అదే ఏడాది అక్టోబరులో దాన్ని బైయప్పనహళ్లితో కలపడంతో నగరమధ్యానికి నేరుగా దారి ఏర్పడింది. మెజెస్టిక్‌లో ఆకుపచ్చ మార్గానికి మారి రెండో స్టేషన్లో దిగితే కృష్ణరాజేంద్ర మార్కెట్, జనం నోట కె.ఆర్.మార్కెట్. పూలబుట్టలూ కూరగాయల బస్తాలూ నిండిన ఆ రద్దీకి పక్కనే కోట తాలూకు ఢిల్లీ ద్వారం, దానితోబాటు కొద్దిపాటి గోడ, బురుజులు నిలిచి ఉన్నాయి. గ్రానైటు రాళ్లను సున్నం పెద్దగా కనబడనంత దగ్గరగా పేర్చిన గోడ అది. ద్వారం రాతి మీద తామరలూ, ఏనుగులూ, పక్షులూ చెక్కి ఉన్నాయి. ఏనుగులు తలతో కుమ్మకుండా ఇనుప మేకులు దిగగొట్టిన భారీ చెక్కతలుపు ఇంకా ఉంది. ద్వారం దాటగానే దారి సూటిగా సాగక ఒక పక్కకు మలుపు తిరుగుతుంది. లోపలికి చొరబడిన శత్రువు ఆ మలుపులో వేగం కోల్పోయి, పైనున్న గోడల మీది తుపాకులకు లక్ష్యమవుతాడు. ఆ మలుపులో రెండు నిమిషాలు నిలబడి తలెత్తి చూసినవారికి, కారన్‌వాలిస్ ద్వారాన్ని వదిలి గోడనే ఎందుకు పగలగొట్టాడో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. గోడలో ఒకచోట, ఈ గండి గుండానే 1791 మార్చి 21న ఇంగ్లిషువారి దాడి జరిగిందని తెలిపే రాతిపలక అమర్చి ఉంది. ఆ పలక ముందు నిలబడి వెనక్కు తిరిగితే ఎదురుగా పేట. కోటకూ పేటకూ ఎంత తక్కువ ఎడమో అప్పుడు కళ్లకు కట్టి, పేట పడిపోయిన నాడే కోట సగం పడిపోయిందన్న సంగతి బోధపడుతుంది. దీనికి కావలసింది గంటన్నర. ఇంకొక గంట ఉంటే అవెన్యూ రోడ్డు వెంట పేట గుండా నడిచి, హలసూరు ద్వారం ఉండిన కార్పొరేషన్ కూడలి దాకా వెళ్లవచ్చు; ద్వారం లేదు గాని, అక్కడి పోలీసు ఠాణా ఇప్పటికీ హలసూరు గేట్ పేరుతోనే ఉంది. మార్చి 7 ఉదయానికీ మార్చి 21 రాత్రికీ మధ్య రెండు వారాల్లో ఒక సైన్యం ఎంత దూరం ముందుకు జరిగిందో కాళ్లతో కొలిచినట్టవుతుంది.

రాకపోకలకు రెండు గంటలు, చూడడానికి రెండున్నర గంటలు. ఆరు గంటల విరామంలో ఇంకా గంటన్నర మిగులు. ఆ మిగులును ఇంకొక స్థలానికి ఖర్చుచేయకూడదు. అది తిరుగుబండికి కేటాయించిన వ్యవధి. ఓడ ప్రయాణికులకు ఈ సంగతి బాగా తెలుసు. ఓడవారు తామే ఏర్పాటుచేసిన యాత్ర ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా పోయినవారి కోసం సాధారణంగా ఆగదు. కాబట్టి తిరుగుప్రయాణాన్ని ముందు లెక్కించి, మిగిలినదానిలో యుద్ధభూమిని ఇమడ్చాలి. ఎదుటిపక్షం వాదంలో న్యాయం ఉన్న భాగం ఇదొక్కటే; అది కూడా యుద్ధభూమిని మానుకొమ్మని చెప్పదు, దగ్గరి దాన్ని ఎంచుకొమ్మని మాత్రమే చెబుతుంది.

ఎదుటిపక్షంవారు మరొక ఆక్షేపణ చేస్తారు. బెంగళూరు కోటలో మిగిలింది ఏముంది, ఒక ద్వారం తప్ప, అని. మిగిలింది కొద్దే అన్నది నిజం. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి కోటగోడలను రోడ్ల కోసమూ భవనాల కోసమూ విడతలవారీగా పడగొట్టారు. కోట లోపలి నేల మీద 1900లో విక్టోరియా ఆస్పత్రి తెరుచుకుంది, పక్కన 1928లో మార్కెట్ భవనం లేచింది. కానీ పోయినదాన్ని చూపి మిగిలినదాన్ని చూడనక్కరలేదనడం విచిత్రమైన తర్కం. గోడ పోయిన చోట ఆస్పత్రి ఉంది, కందకం పోయిన చోట మార్కెట్ ఉంది; నేల, దిక్కులు, దూరాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. యుద్ధాన్ని అర్థం చేసుకోవడానికి కావలసినవి ముఖ్యంగా ఆ మూడే. పచ్చిక పెంచి, కంచె వేసి, టికెట్టు పెట్టిన మైదానాన్నే యుద్ధభూమిగా గుర్తించే అలవాటు పోకపోతే భారతదేశంలో నగరాల మధ్య చిక్కుకున్న యుద్ధస్థలాలలో ఒక్కటి కూడా లెక్కలోకి రాదు.

ఈ అభిప్రాయం చేసిన అసలు హాని ఇక్కడే ఉంది. చూడదగినది ఏమీ లేదన్న చోటికి ఎవరూ రారు. ఎవరూ రాని చోటును కాపాడవలసిన అవసరం ఎవరికీ తోచదు. ఢిల్లీ ద్వారం పురావస్తు శాఖ రక్షణలో ఉంది, కాని దాని చుట్టూ బండ్లు నిలిపే చోటు, చెత్తకుప్పలు, గోడను ఆనుకున్న దుకాణాలు. గండిని తెలిపే పలక ముందు నుంచి రోజూ వేలమంది నడిచిపోతారు, దాన్ని ఆగి చదివేవారు అరుదు. ఈ యుద్ధంలో చనిపోయిన కంపెనీ అధికారుల స్మారకంగా కార్పొరేషన్ ఎదుట నిలిపిన స్తంభాన్ని, కన్నడ ఉద్యమకారుల ఆందోళన తరువాత 1964లో తొలగించారు. పరాయి పాలకుల విజయాన్ని కీర్తించే స్తంభం నగరం నడిబొడ్డున ఉండరాదన్న ఆ ఆవేదన అర్థం చేసుకోదగినదే. అయితే స్తంభం పోయిన చోట హలసూరు ద్వారం సంగతి చెప్పే ఫలకమైనా రావలసింది, పేటను కాపాడుతూ చనిపోయిన మైసూరు సైనికుల పేరున ఒక రాయి అయినా నిలవవలసింది. ప్రస్తుతం ఆ యుద్ధం గురించి నగరంలో రాతిమీద మిగిలిన మాట గెలిచినవారు రాయించిన పలక ఒక్కటే. బహాదుర్ ఖాన్‌ది అని జనం చెప్పుకునే సమాధి మార్కెట్ కూడలికి దగ్గరలోనే ఉన్నా, అక్కడికి వెళ్లేవారు భక్తితో వెళతారు గాని, 1791 గురించి తెలిసి వెళ్లేవారు కొద్దిమందే.

తెలుగువారికి ఈ నేలతో సంబంధం లేదనుకోవడం మరొక పొరపాటు. కంపెనీ మద్రాసు సైన్యంలోని దేశీయ పటాలాలలో తమిళులతోబాటు తెలుగు సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఉత్తర సర్కారులనుంచీ, నెల్లూరు, చిత్తూరు సీమలనుంచీ చేరినవారు వారు. కారన్‌వాలిస్‌కు మిత్రుడైన హైదరాబాదు నిజాం పంపిన సుమారు పదివేల గుర్రపుదళం 1791 ఏప్రిల్‌లో అతని సైన్యంతో కలిసింది. ఆ యుద్ధం ముగిశాక 1792 సంధిలో టిప్పు వదులుకున్న సగం రాజ్యంలో కడప, గండికోట ప్రాంతాలు నిజాముకు దక్కి, 1800లో అతని చేతి నుంచి కంపెనీకి చేరాయి. రాయలసీమకు దత్తమండలాలన్న పేరు ఆ క్రమంలో వచ్చిందే. కడప జిల్లా నుంచి రైలెక్కి కె.ఆర్.పురంలో దిగే మనిషికి, తన జిల్లా చరిత్ర మలుపు తిరిగిన యుద్ధంలో ఒక గోడ ఆ ఊళ్లోనే నిలిచి ఉందని ఎవరో ఒకరు చెప్పవలసిన బాధ్యత లేదా?

విరామం ఇంకా చిన్నదైతే, మూడు గంటలే అయితే, దానికీ జవాబు అదే మెట్రో మార్గం మీద ఉంది. కబ్బన్ పార్క్ స్టేషన్‌కు దగ్గరలో, కస్తూర్బా రోడ్డు మీద, 1865లో స్థాపించిన ప్రభుత్వ మ్యూజియంలో బేగూరు నుంచి తెచ్చిన వీరగల్లు ఒకటి ఉంది. వీరగల్లు అంటే యుద్ధంలో మరణించిన వీరుడి పేరున నిలిపిన రాయి; శాసనమూ శిల్పమూ రెండూ అందులోనే ఉంటాయి. గంగవంశపు రాజు ఎఱెయప్ప ఆజ్ఞ మీద నొలంబ రాజు అయ్యపదేవునికి సాయంగా వెళ్లి, తుంబెపాడి దగ్గర వీరమహేంద్రునితో పోరాడి చనిపోయిన నాగత్తరుడి స్మారకం అది, సుమారు పదకొండు వందల ఏళ్ల నాటిది. ఏనుగులు, గుర్రాలు, కత్తులు ఎత్తిన పదాతులు, పడిపోయిన దేహాలు, అన్నీ ఒక్క రాతిపలక మీద కిక్కిరిసి ఉంటాయి. నొలంబుల రాజధాని హేమావతి నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అదే బేగూరులోని గుడిలో ఉన్న మరో వీరగల్లు శాసనం బెంగళూరు కాళగాన్ని, అంటే బెంగళూరు యుద్ధాన్ని, ప్రస్తావిస్తుంది. ఈ నగరం పేరు కనిపించే అతి పాత రాత అదే. యుద్ధభూమి ఎక్కడో తెలియకుండా పోయినా దాని సాక్ష్యం ఒక రాయి మీద ఇంత నిండుగా నిలిచినప్పుడు, దాని ముందు గడిపే ముప్పావు గంటను పైపై చూపు అనడం అన్యాయం.

సముద్రం వైపు చూసినా ఇదే తేలుతుంది. విశాఖపట్నం రేవుకు 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ విహారనౌక వచ్చింది. సుమారు 96 కోట్ల రూపాయలతో అక్కడ ప్రత్యేకంగా విహారనౌకల టెర్మినల్ నిర్మించారు. ఓడ దిగినవారికి చూపే చోట్లు బీచి రోడ్డు, కైలాసగిరి, సింహాచలం, వ్యవధి ఉంటే అరకు. యుద్ధభూమి అనగానే బొబ్బిలి పేరు చెప్పి, వంద కిలోమీటర్లకు పైగా దూరం కాబట్టి కుదరదని తేల్చేస్తారు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు బొబ్బిలి రాజు రంగారావు నిలిచిన కోట చూడడానికి తప్పకుండా వేరే రోజు పెట్టుకోవలసిందే. మరి పద్మనాభం? భీమునిపట్నానికి కొద్ది దూరం లోపల, విశాఖ రేవు నుంచి నలభై యాభై కిలోమీటర్ల లోనే, 1794 జూలై 10న విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు కంపెనీ సేనను ఎదిరించి ప్రాణం వదిలిన నేల అది. పేష్కషు బాకీ పేరుతో, అంటే జమీందారు కట్టవలసిన కప్పం పేరుతో, కంపెనీ ఆయనను రాజ్యం విడిచి పొమ్మంది. ఆయన పోకుండా పద్మనాభంలో తన మనుషులతో మకాం వేశాడు. ఆ పోరాటం గంటసేపు కూడా సాగలేదు. కొండమీది అనంతపద్మనాభస్వామి ఆలయం మెట్ల మీద నుంచి చూస్తే కిందనున్న పొలాలూ ఊరూ ఒక్క చూపులో కనబడతాయి. గంటలోపు ముగిసిన యుద్ధాన్ని, ఒక్క చూపుకు అందే నేలను, అర్థం చేసుకోవడానికి రోజంతా కావాలనేవారు ఏ ఆధారంతో అంటున్నారో చెప్పవలసి ఉంటుంది. విశాఖకు వచ్చే ఓడ ప్రయాణికుల్లో పద్మనాభం పేరు విన్నవారు ఎందరు?

దీనికి విరుద్ధంగా నార్మండీని చూపేవారు ఉన్నారు. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు దిగిన ఫ్రెంచి తీరానికి, ల హావ్ర్ రేవులో ఆగే ఓడల నుంచి ప్రతి వేసవిలో బస్సులు బయలుదేరుతాయి. అయిదు తీరాలు, రెండు మ్యూజియాలు, ఒక శ్మశానం అన్నీ ఒక్క రోజులో అంటూ తిప్పే యాత్రల నుంచి వచ్చినవారు అలసట తప్ప ఏమీ మిగలలేదని చెప్పడం వాస్తవమే. ఆ అలసటకు కారణం విరామం చిన్నదవడం అనుకుంటే పొరబడినట్టే. చిన్న విరామంలో పెద్ద పట్టిక పెట్టుకోవడమే కారణం. ఒమాహా తీరం ఒక్కటే ఎంచుకొని, ఇసుక నుంచి గట్టు మీదికి నడిచి, పైనున్న తొమ్మిది వేలకు పైగా సమాధుల ముందు నిలిచి వెనుదిరిగినవారు అలా అనరు. పెళ్లివిందులో ప్రతి వంటకమూ ఆకులో వేయించుకొని ఏదీ తినకుండా లేచినవాడు ఆకలి తీరలేదని వంటవాణ్ణి తప్పుపట్టలేడు.

మృతుల నేల మీద హడావిడిగా తిరగడం అగౌరవం అనే మాట కూడా వినిపిస్తుంది. గౌరవం గడియారంతో కొలిచేది అయితే ఆ మాట నిలుస్తుంది. బహాదుర్ ఖాన్ పేరు తెలియకుండా శ్రీరంగపట్నంలో పగలంతా గడిపి, దరియా దౌలత్ తోటలో ఫోటోలు తీసుకొని తిరిగి వచ్చినవారి కన్నా, ఆయన నిలిచి పోరాడిన గోడ దగ్గర గంటసేపు మాత్రమే ఉండి, ఎవరు ఎటు నుంచి వచ్చారు, ఎందుకు రాత్రిపూట వచ్చారు అని అడిగి తెలుసుకున్నవారే ఆ మృతులకు ఎక్కువ గౌరవం చేసినట్టు. శ్రీరంగపట్నాన్ని తక్కువచేయడం ఈ వాదన ఉద్దేశం కానే కాదు. ఆ ద్వీపకోటకు రెండు రోజులు కేటాయించినా తక్కువే, అందుకే దాన్ని రైలు మారే నాటి మధ్యాహ్నంలో ఇరికించకూడదు.

నమ్మ మెట్రో స్టేషన్లలో దారి చూపే బోర్డులు కన్నడంలోనూ ఇంగ్లిషులోనూ ఉన్నాయి; కె.ఆర్.మార్కెట్ స్టేషన్లో 1791 ముట్టడి స్థలానికి బాణం గుర్తుతో ఒక చిన్న పటం పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు, కర్ణాటక పర్యాటక శాఖ ఆ పని చేయాలి. పలక ముందు గోడను ఖాళీ చేయించి, మైసూరు పక్షాన పోరాడి మరణించినవారి కథను కన్నడ, ఉర్దూ, తమిళ, తెలుగు భాషల్లో రాయించాలి. ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ విశాఖ ఓడల కార్యక్రమంలో పద్మనాభాన్ని చేర్చాలి. ఇవేవీ జరిగేదాకా ఆగవలసిన అవసరం ప్రయాణికుడికి లేదు. కె.ఆర్.పురంలో పొద్దున దిగి సాయంత్రం బండికి ఎదురుచూసే తెలుగువారు సామాను భద్రపరిచి, టోకెన్ తీసుకొని, ఊదారంగు మార్గం ఎక్కి, ఢిల్లీ ద్వారం దాకా వెళ్లి రండి. బండి వేళకు గంటన్నర ముందే కె.ఆర్.పురం చేరేలా తిరుగుప్రయాణం మొదలుపెట్టండి.